పన్నెండుసార్లు అడిగిన మాట

"ఏడ్చేవాళ్ళ పక్కన దుకాణం పెట్టాలే పిల్లా, నవ్వేవాళ్ళ పక్కన కాదు. నవ్వేవాడు ఏం కొంటాడు, నీ మొహం!"

చోల్పోన్ నేర్పే చదువులో మొదటి పాఠం ఇదే. కిర్గిజ్‌ల రాజధాని బిష్కెక్‌లో కుట్టుమిషన్ల షెడ్డు మూతపడ్డాక, ఇంట్లో చేతులు ముడుచుకు కూర్చున్న ఆడవాళ్ళను ఓ పదిమందిని చేరదీసి, సైట్లు పెట్టి బతకడం ఎలాగో ఆమె నేర్పుతుండేది. చెప్పుకుంటే సంగతి చిన్నదే. మన సైట్‌లో ఒక వస్తువు గురించి రాయాలి. చదివినవాడు మన లింకు నొక్కి ఆ వస్తువు కొంటే, అమ్మినవాడు మనకు కమిషన్ ఇస్తాడు. సరుకు మనది కాదు, గోడౌన్ మనది కాదు, నోరొక్కటే మనది. కాకపోతే ఏ సరుకు గురించి నోరు విప్పాలన్నదే అసలు చిక్కు. దానికి చోల్పోన్ దగ్గర ఒక పరికరం ఉండేది. జనం ఫోన్లలో ఏ మాట వెతుకుతున్నారో, వేలితో కొట్టినా నోటితో అడిగినా సరే, నెలకు ఎన్నిసార్లు వెతికారో ఆ పరికరం వరసగా చూపించేది. ఎక్కువమంది అడుగుతూ తక్కువమంది జవాబు చెబుతున్న మాట దొరికిందా, ఇక ఆ మాట మీద ఇల్లు కట్టుకోవచ్చు.

ఆ పదిమందిలో ఒకతె అయిన బెగిమాయ్ ఈ చదువు మీద పడటానికి కారణం ఒక్కటే. ఆ కారణం పేరు సెజిమ్, వయసు ఐదేళ్ళు.

తొలిచూలు బిడ్డ నానమ్మదీ తాతదీ. వాళ్ళ వైపు ఆనవాయితీ అది. సెజిమ్ పాలు మరిచిన నెలలోనే, మామగారు పోయి ఒంటరిగా ఉంటున్న అత్తగారు ఉల్కాన్ పిల్లను ఒళ్ళో పెట్టుకుని, నారిన్ పట్నం దాటాక కొండల నడుమ ఉన్న తమ పల్లెకు తీసుకుపోయింది. సెజిమ్ ఇప్పుడు నానమ్మను 'అమ్మా' అంటుంది, కన్నతల్లిని 'అక్కా' అంటుంది. అలా అన్న ప్రతిసారీ బెగిమాయ్ నవ్వేది. నవ్వక ఏం చేస్తుంది, ఆనవాయితీతో కొట్లాడి గెలిచిన కోడలు ఎక్కడైనా ఉందా? పైగా అత్తగారు చెడ్డమనిషి కాదు. పిల్లంటే ప్రాణం పెడుతుంది. అదే మరీ కష్టం, చెడ్డమనిషైతే తిట్టుకోవడానికైనా వీలుండేది.

వచ్చే సెప్టెంబరులో సెజిమ్‌ను బడిలో వేయాలి. కుట్టుషెడ్డు ఇంకా నడుస్తున్న రోజుల్లో, నగరంలో చదివిద్దామని బెగిమాయ్ నసిగితే అత్తగారు కోప్పడలేదు.

"పొద్దున పోయి దీపాలు పెట్టాక వస్తావు నువ్వు. నా కొడుకేమో వ్యాను తోలుకుంటూ ఊళ్ళు తిరుగుతాడు. పిల్లని మీ గోడలు చూసుకుంటాయా? ఇంటిపట్టున ఉండి చేసే పని ఒకటి చూసుకో. అప్పుడు అడుగు, నేనే తెచ్చి దింపుతా," అంది.

ఆ మాట బెగిమాయ్ పట్టుకుంది.

జనవరి మొదటివారంలో చోల్పోన్ వంటింట్లో, పాలు పోసిన టీ గిన్నెలు పక్కకు జరిపి ఇద్దరూ ఆ జాబితా ముందు కూర్చున్నారు. డిసెంబరు నెలలో జనం కిర్గిజ్ భాషలో అడిగిన మాటలు బారులు తీరి ఉన్నాయి. ఆరోగ్యం గడిలో ఒక మాట దగ్గర చోల్పోన్ వేలు ఆగింది. 'పొద్దున్నే తలనొప్పి.' వేలమంది అడుగుతున్నారు. జవాబులన్నీ రష్యన్‌లో ఉన్నాయి, కిర్గిజ్‌లో ఒక్క మంచి పేజీ లేదు.

"ఒసేయ్, ఇది బంగారం! పొద్దున్నే తల నొప్పి పుట్టిందంటే ఏంటి? దిండు బాలేదు. మెడకి ఒంపు తిరిగిన దిండ్లు అమ్ముతారు చూడు, వాటికి కమిషన్ బాగా ఇస్తారు."

"దిండు వల్లే అయ్యుంటుందా అక్కా?"

"నువ్వేమన్నా డాక్టరువా? కొనేవాడికి ఒక కారణం కావాలి, మనం ఇస్తాం. సరే, ముందు కలుపు తియ్యి. యాభైకి తక్కువున్న వరసలన్నీ కొట్టెయ్. చిల్లర జనంతో మనకేం పని."

బెగిమాయ్ ఒక్కో వరసే కొట్టేస్తూ పోయింది. ఒకచోట ఇద్దరికీ నవ్వాగలేదు. ఆ వరసలో ఇలా ఉంది: 'సలాం బాబూ బాగున్నావా పొద్దున లేచేసరికి తల దిమ్ముగా ఉంటోంది పిల్లకి కూడా అలాగే ఉంది ఏం చేయాలి నాయనా.' పక్కన అంకె పన్నెండు.

"అయ్యో దేవుడా, ఫోనుకి సలాం చెబుతోందే ముసల్ది!" చోల్పోన్ పొట్ట పట్టుకుంది. "ఇంకా నయం, టీ తాగుతావా అని అడగలేదు. కొట్టెయ్, కొట్టెయ్."

పలకరించకుండా పని అడగడం మర్యాద కాదు కదా అని బెగిమాయ్ మనసులో అనుకుంది గాని, వేలు ఆగలేదు. వరస పోయింది.

వారం తిరగకుండా పేజీ లేచింది. 'పొద్దున్నే తలనొప్పా? దిండు మార్చండి!' అని పైన పెద్ద అక్షరాలు, కింద నమ్మకం కోసం బెగిమాయ్ నవ్వుతున్న ఫొటో. మరో పేజీ పోటీకి లేదు కాబట్టి, నెలాఖరుకల్లా ఆ మాట అడిగినవాళ్ళకు మొట్టమొదట కనబడేది అదే. చోల్పోన్ తక్కిన ఆడవాళ్ళందరికీ చూపించి, "నేర్చుకోండి, ఇదీ చదువంటే!" అని మెచ్చుకుంది. బెగిమాయ్ పొంగిపోయింది. సెప్టెంబరు దగ్గరికి వచ్చినట్టే అనిపించింది.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం అత్తగారు ఫోన్‌లో అంది, "ఏంటోనే, ఈ చలికాలం లేచేసరికి తల బండరాయిలా ఉంటోంది. పిల్ల కూడా లేవనని మారాం చేస్తోంది. పుల్ల మజ్జిగ పట్టిస్తే ఒకసారి కక్కింది. మధ్యాహ్నం మంచులో ఆడుకోడానికి పోతే మళ్ళీ మామూలే."

బెగిమాయ్ చేతిలో పెన్ను ఉంది. బాధపడేవాళ్ళ మాటలు వాళ్ళ నోటితో ఎలా వస్తే అలా రాసిపెట్టుకోవాలని చోల్పోన్ చెప్పింది, అవే రేపు పేజీకి శీర్షికలవుతాయి. 'తల బండరాయిలా,' 'బయటికి పోతే మామూలే' అని ఆమె నోటు పుస్తకంలో రాసుకుంది. రాసుకుని మురిసిపోయింది కూడా. అక్షరాలా పరికరం చెప్పిన మాటలే! మర్నాడు భర్త తిలెక్ స్నేహితుడి వ్యానులో పెద్ద దిండు ఒకటి, చిన్న దిండు ఒకటి పల్లెకు పంపింది.

ఫిబ్రవరిలో ఒక శనివారం. తొమ్మిది దాటింది. తిలెక్ ఇంకా నిద్రలోనే ఉన్నాడు. పేజీ చూసేవాళ్ళు పెరుగుతున్నారు కాబట్టి, ఇంకో నాలుగు పేజీలు రాయమని చోల్పోన్ పురమాయించింది. ఆ మాట ఏ నెలల్లో ఎక్కువ అడుగుతారో, ఏ ఊళ్ళలో అడుగుతారో, దాంతోపాటు ఇంకేం అడుగుతారో చూసి రమ్మంది. బెగిమాయ్ వేడినీళ్ళ గొట్టం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. వాళ్ళ గదికి వేడి గోడలోని గొట్టంలోంచి వస్తుంది. చలికాచే బొగ్గు పొయ్యి ముట్టించి ఆమెకు నాలుగేళ్ళయింది.

ముందు నెలలు చూసింది. గీత అక్టోబరులో లేచి, జనవరిలో నెత్తికెక్కి, ఏప్రిల్‌లో ధబేల్మని నేలకు పడింది. మే, జూన్, జూలైలలో దాదాపు ఏమీ లేదు. వింతగా అనిపించింది. దిండు బాగాలేకపోతే ఎండాకాలం మాత్రం తల నొప్పి పుట్టదా?

తర్వాత ఊళ్ళు చూసింది. గొట్టాల్లో వేడి వచ్చే పేటల్లో అడిగేవాళ్ళు కొద్దిమందే. అడిగేదంతా పల్లెలు, కొండ ఊళ్ళు. బొగ్గు లారీలు ఎక్కడికి పోతాయో అక్కడ.

బెగిమాయ్ టీ గిన్నె కింద పెట్టింది. తోడుగా అడిగే మాటలు తెరిచింది.

'పొద్దున్నే తలనొప్పి ఇంట్లో అందరికీ.'

'పొద్దున్నే తలనొప్పి పుల్ల మజ్జిగ పనిచేస్తుందా.'

'పొద్దున్నే తలనొప్పి పిల్లి చచ్చిపోయింది.'

'పొగగొట్టం మూత ఎప్పుడు వేయాలి.'

ఆఖరి మాట ఆమె రెండుసార్లు చదివింది. ఇంట్లో అందరికీ ఒకేసారి దిండు పాడవుతుందా? పిల్లి దిండు వేసుకుని పడుకుంటుందా? ఇంత చిన్న సంగతి నెల్లాళ్ళుగా తన బుర్రకు తట్టలేదేం? వేలమంది జబ్బు పేరు తెలియక ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఆ వేలమందికీ తాను నవ్వుతూ దిండు చూపిస్తోంది.

మూత. ఇల్లు వేడెక్కించే బొగ్గు పొయ్యి గొట్టానికి మూత వేయడంలో అత్తగారు ఊళ్ళోకెల్లా మేటి. కొత్త కోడలిగా వెళ్ళిన మొదటి చలికాలం ఆమె బెగిమాయ్‌ని పొయ్యి ముందు కూర్చోబెట్టి నేర్పింది. మంట పోయి బొగ్గు ఎర్రగా మిగిలినప్పుడు గొట్టం మూత వేసెయ్యాలి, లేకపోతే వేడంతా ఆకాశానికి పోతుంది. ఆలస్యంగా మూసే ఇల్లాలిని ఊళ్ళో వెక్కిరిస్తారు, కొండల్ని వేడి చేస్తోందని. ఒకసారి బెగిమాయ్ భయపడి మూత కాస్త తెరిచి ఉంచితే, అత్తగారు మూడు రోజులు ఆ మాట ఎత్తి ఎత్తి పొడిచింది. నలభై ఏళ్ళుగా ఉల్కాన్ అలాగే మూస్తోంది. నలభై ఏళ్ళుగా ఏమీ కాలేదు.

ఎందుకు కాలేదు? అదీ తట్టింది. ఏమీ కాలేదు, ఎందుకంటే ఆ ఇంటి పాత చెక్క కిటికీలకు వేలు పట్టేంత సందులుండేవి. ఎంత గుడ్డ కుక్కినా గాలి ఈల వేసుకుంటూ వచ్చేది, బొగ్గు వదిలే వాసన లేని విషవాయువు ఆ సందుల్లోంచే బయటికి పోయేది. ఆ కిటికీలు ఇప్పుడు లేవు. పిల్లకు జలుబు చేస్తోందని, కుట్టుషెడ్డు మూసేసేముందు ఇచ్చిన ఆఖరి జీతాలన్నీ పోసి, మొన్న సెప్టెంబరులో కొత్త ప్లాస్టిక్ కిటికీలు పెట్టించింది. రెండు అద్దాలవి. ఈగ దూరనివి. పెట్టించింది తనే, బెగిమాయే.

అత్తగారికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఉల్కాన్ ఫోన్ ఎప్పుడూ కిటికీ గట్టు మీదే ఉంటుంది, రెండో మోతకే ఎత్తి, ఎవరు చేశారో చూడకుండానే ఇంటిల్లిపాదినీ బాగోగులు అడిగేస్తుంది. ఐదోసారి కూడా ఎత్తలేదు.

"తిలెక్! లే! లేవయ్యా!" అని భర్తను కుదిపేస్తూనే పక్కింటి షార్షెన్‌కు చేసింది. పాత ట్రాక్టర్ డ్రైవరు, అత్తగారి ఇంటికి గోడ అవతలే ఉంటాడు.

"సలాం అమ్మాయ్, బాగున్నారా, పిల్లలు, తిలెక్..."

"మావయ్యా, మా అత్తయ్య ఫోన్ ఎత్తట్లేదు. చూశావా ఇవాళ?"

"లేదే. పొద్దున్నుంచి మీ గొట్టంలో పొగ లేదు. ఎక్కడో విందుకి పోయారనుకున్నా." గొంతు తగ్గించాడు. "కానీ ఆవు అరుస్తోంది. పాలు పిండనట్టుంది."

పది కావస్తోంది. ఉల్కాన్ ఆవును ఆరింటికి పిండకపోవడమంటే జరిగే పని కాదు. పెద్ద జ్వరంలో కూడా మానలేదు.

"పరుగెత్తు మావయ్యా! తలుపు కొట్టు, ఫోన్ పెట్టెయ్యకు!"

మంచులో బూట్ల చప్పుడు, ముసలాయన రొప్పు, కుక్క మొరగడం. తలుపు దబదబ బాదాడు. "ఉల్కాన్! ఓ ఉల్కాన్!" జవాబు లేదు. "లోపల గడియ వేసుందమ్మాయ్. పక్క మీద ఉన్నట్టున్నారు, పరదా సందులోంచి దుప్పటి కనబడుతోంది."

"కిటికీ పగలగొట్టు."

"కొత్త కిటికీనా? మీ అత్త నన్ను బతకనిస్తుందా? ఊళ్ళో అందరికీ చూపించుకు తిరిగింది దాన్ని..."

పెళ్ళయిన ఏడేళ్ళలో బెగిమాయ్ పెద్దల ముందు గొంతు పెంచి ఎరగదు. కోడలి గొంతు గడప దాటకూడదంటారు. ఆ పూట ఆ గొంతు కొండలు దాటింది.

"పగలగొట్టరా ముసలోడా! నా కూతురు చచ్చిపోతోంది, పగలగొట్టు!"

తిలెక్ మంచం మీద కూర్చుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఫోన్‌లో దభీమని ఒక మోత. అద్దం పెళ్ళున విరిగింది. "ఇంకోటి ఉంది లోపల!" షార్షెన్ అరుపు. మళ్ళీ మోత, మళ్ళీ మోత. ఆ రెండో అద్దం పగలడానికి పట్టిన కాసేపటిలో, అది ఎంత మంచి రకమో, వేడి పోకుండా ఎలా ఆపుతుందో అమ్మినవాడు చెప్పిన మాటలన్నీ బెగిమాయ్‌కి గుర్తొచ్చాయి. ఆఖరికి అది కూడా విరిగింది. తర్వాత గడియ తీసిన శబ్దం, ఏదో ఈడ్చుతున్న శబ్దం, ముసలాయన దగ్గు.

"మావయ్యా! చెప్పు మావయ్యా!"

చాలాసేపటికి మంచులో సన్నని ఏడుపు వినిపించింది. కక్కుకుంటూ, ఊపిరి పీల్చుకుంటూ ఒక చిన్న గొంతు, "అమ్మా! అమ్మా!" అని పిలిచింది.

"ఏమ్మా! ఏం తల్లీ! ఇక్కడే ఉన్నా!" అని బెగిమాయ్ ఫోన్‌ను చెంపకు అదిమిపెట్టుకుంది. సెజిమ్ పిలుస్తున్నది ఆమెను కాదు. మంచులో పక్కనే, షార్షెన్ ఈడ్చుకొచ్చిన తివాచీ మీద పడి ఉన్న ఉల్కాన్‌ను. ఆ 'అమ్మ' పలకడం లేదు.

షార్షెన్ ఇద్దరినీ తన పాత కారులో వేసుకుని నారిన్ ఆసుపత్రికి తోలాడు. తిలెక్, బెగిమాయ్ కొండదారిలో వచ్చి చేరేసరికి పొద్దు వాలుతోంది. సెజిమ్ మంచం మీద కూర్చుని బిస్కెట్టు తింటోంది. తల్లిని చూసి, "అక్కా, అమ్మ ముక్కుకి గొట్టం పెట్టారు," అని చెప్పింది. ఉల్కాన్‌కు మధ్యాహ్నానికి తెలివి వచ్చింది. ఇంకో గంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని నర్సు అంది. ఆ మాట విని తిలెక్ గోడకు చేరగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బెగిమాయ్‌కి ఏడుపు కూడా రాలేదు.

అత్తగారు చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకుంది. గొంతు గరగరలాడుతోంది.

"మూత ఎప్పట్లాగే వేశానే. ఎర్రబడ్డాకే వేశా."

"మీ తప్పు కాదు అత్తయ్యా."

"నేనేం ఊరుకోలేదు. అడిగా." దిండు పక్కనున్న తన ఫోన్‌ను కళ్ళతో చూపించింది. షార్షెన్ తెచ్చి పెట్టాడు దాన్ని. "పిల్ల నేర్పిందిలే, ఇక్కడ నొక్కి మాట్లాడమని. డిసెంబరంతా అడిగా. మర్యాదగానే అడిగా. ఏదేదో రష్యన్‌లో చూపించేది, నాకేం అర్థమవుతుంది. తర్వాత జనవరిలో..." ఆమె ఆయాసపడుతూనే నవ్వింది. ఆ నవ్వులో గర్వం కూడా ఉంది. "జనవరిలో మన భాషలో వచ్చింది. నీ ఫొటో! పిల్ల ఎగిరి గంతేసింది, అక్క అక్క అని. దిండే కారణమని రాశావు. ఊళ్ళో అందరికీ చెప్పా. నా కోడలు అంత చదివి రాసింది, దిండ్లు కూడా పంపింది, ఇంకెవరినో ఎందుకడగడం అనుకుని ఊరుకున్నా."

బెగిమాయ్ ఫోన్ అందుకుంది. నోటితో అడిగిన ప్రశ్నలన్నీ తేదీలతో సహా అందులో ఉన్నాయి. డిసెంబరు దాకా వెనక్కి జరిపింది. 'సలాం బాబూ బాగున్నావా పొద్దున లేచేసరికి తల దిమ్ముగా ఉంటోంది పిల్లకి కూడా అలాగే ఉంది ఏం చేయాలి నాయనా.' దాని కింద మళ్ళీ అదే. మళ్ళీ అదే. వేలు పెట్టి లెక్కపెట్టింది. పన్నెండు.

చోల్పోన్ నవ్వు చెవుల్లో మోగింది. తన నవ్వు కూడా. చిల్లర జనం. ఆ పన్నెండూ ఒక్క ఇంటివే, తన ఇంటివే. తన కూతురి ప్రాణం ఒక వరసై ఎదురుగా వచ్చి, సలాం చెప్పి, చేతులు కట్టుకు నిలబడితే, తన వేలితోనే కొట్టేసింది.

"ఏమైందే, అలా తెల్లబోయావు?" అంది అత్తగారు.

"ఏం లేదు. మీరు పడుకోండి."

వరండాలో బల్ల మీద కూర్చుని చోల్పోన్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. చోల్పోన్ మెల్లగా, "బొగ్గు విషవాయువు కనిపెట్టి మోగే గంటలుంటాయి, వాటి పేజీ పెడదామా మరి?" అంది. ఆమెకు తెలిసిన ఓదార్పు అదొక్కటే. బెగిమాయ్ పరికరంలో ఆ మాట కొట్టి చూసింది. కొండ ఊళ్ళన్నీ కలిపి నెలకు ఎందరు అడిగారు? సున్నా. ఉందని తెలియని దాన్ని ఎవరు అడుగుతారు? తెలిసినదల్లా తలనొప్పే, అందుకే దాన్నే అడుగుతున్నారు.

"ఆ మాట మీద పేజీ పెడితే ఒక్కడూ రాడక్కా. వాళ్ళు వచ్చేది నా దిండు పేజీకే," అని ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రం కూడా నూటికి పైగా మనుషులు ఆ పేజీ తెరిచి, ఆమె నవ్వు ముఖం చూసి ఉన్నారు. చీకటి పడుతోంది. ఇంకాసేపట్లో ఇళ్ళల్లో బొగ్గు ఎర్రబడుతుంది. బెగిమాయ్ ఫొటో తీసేసింది. దిండు తీసేసింది, లింకు తీసేసింది, పెద్ద అక్షరాల శీర్షిక తీసేసింది. ఖాళీ పేజీ ముందు ఎలా మొదలుపెట్టాలో తెలియక కాసేపు కూర్చుంది. లోపల గదిలో సెజిమ్ నానమ్మ పక్కలోకి ఎక్కుతానని పేచీ పెడుతోంది, నర్సు వద్దంటోంది.

పలకరించినవాళ్ళకు ముందు బదులు పలకాలి కదా. ఆమె టైపు చేసింది:

'సలాం అత్తయ్యా. మీ తలనొప్పి దిండు వల్ల కాదు. ఇది చదవడం ఆపి, ముందు లేచి పొయ్యి గొట్టం మూత తీయండి. కిటికీ తీయండి. పిల్లని ఎత్తుకుని బయటికి రండి.'